పిందెలకు చెట్టునిస్తామా? నల్లగొండలో తెల్లవారుజాము బేస్‌బాల్ చాయ్ హోటల్

నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల మైదానంలో పొద్దున్నే నడిచేవారిలో సగం మందికి ఈ హోటల్ తెలుసు. పేరు అడిగితే మాత్రం ఒక్కరూ చెప్పలేరు, ఎందుకంటే దానికి బోర్డు లేదు. ఉన్న రేకు బోర్డు ఒక వేసవి గాలిదుమారానికి లేచిపోయిందనీ, గిరాకీ తగ్గలేదు కాబట్టి యజమాని మళ్ళీ పెట్టించలేదనీ అంటారు. రామగిరి వైపు మళ్ళే ఒక సందులో తెల్లవారుజామున నాలుగున్నరకు సగం ఎత్తిన షట్టర్ కింద నుంచి వెలుతురు కనిపించి, వంగి చూస్తే గోడమీది టీవీలో బేస్‌బాల్ ఆట నడుస్తూ ఉంటే, అదే ఆ హోటల్. 2025 జూలై మొదటి వారం నుంచి డిసెంబరు ఆఖరు దాకా వారానికి రెండు మూడు రోజుల చొప్పున నేను అక్కడ కూర్చున్నాను. ఆ హోటల్ ఇడ్లీని మెచ్చుకునేవారు ఊరంతా ఉన్నారు గానీ, కిటికీ పక్కన వేసిన పొడవాటి బల్ల గురించి చెప్పేవారు తక్కువ. నేను రాయదలచుకున్నది ప్రధానంగా ఆ బల్ల గురించి, దానికి అందే సేవల గురించి.

నల్లగొండలో బేస్‌బాల్ ఏమిటని అడిగేవారికి జవాబు గడియారంలో ఉంది. అమెరికా తూర్పు తీరంలో వేసవి సాయంత్రం ఏడు గంటలకు మొదలయ్యే ఆట మనకు మరునాటి తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది. ఆ వేళకు నిద్ర పట్టని పెద్దవారికి, పిల్లలు ఆ దేశంలో ఉన్నవారికి అది చక్కగా సరిపోయింది. బల్ల దగ్గర ఒక్కొక్కరినీ వారి పిల్లలు ఉంటున్న ఊరి పేరుతో పిలుస్తారు. ఆర్టీసీలో పనిచేసి విరమించిన ఒకాయన కొడుకు దగ్గర ఆరు నెలలు ఉండి, అక్కడి కొమెరికా పార్కులో నాలుగు ఆటలు చూసి వచ్చిన నాటి నుంచి ‘డిట్రాయిట్ పెద్దాయన’ అయ్యారు. ఫిజిక్స్ పాఠాలు చెప్పి విరమించిన లెక్చరర్ గారు ‘బోస్టన్ సారు’. ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసినావిడ ‘సియాటిల్ టీచరమ్మ’. బడిపిల్లలకు సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నేర్పే పీఈటీ సారుకు అమెరికాలో ఎవరూ లేరు గానీ, బంతిని చేత్తో పట్టి విసిరినవాడు ఆయనొక్కడే కాబట్టి చివరి మాట ఆయనదే. కనగల్ వైపు నుంచి బత్తాయి మార్కెట్ పని మీద వచ్చి, పొద్దెక్కేదాకా ఎక్కడ కూర్చోవాలో తెలియక ఇక్కడ చేరిన రైతు ఒకాయన ఉన్నారు. ఆయనను అందరూ ‘తోట కాకా’ అంటారు. ఈ బల్లకు మాటలు సమకూర్చినవాడు ఆయనే.

ముందు తిండి సంగతి. ఇడ్లీ నిజంగానే బాగుంటుంది: ప్లేటుకు నాలుగు, 40 రూపాయలు, పక్కన పల్లి చట్నీ, అడిగితే కారప్పొడి మీద ఒక చెంచా నెయ్యి. పూరీ ఆరు తర్వాతే వేస్తారు, కూర కాస్త పలుచన. చాయ్ విషయంలో ఒక రహస్యం తెలుసుకోవాలి. నాలుగున్నరకు దొరికే మొదటి చాయ్ ముందురాత్రి మిగిలిన ప్యాకెట్ పాలతో కాచినది, నీళ్లలా ఉంటుంది. అయిదుంబావుకు గేదె పాల క్యాన్ దిగుతుంది, అప్పటి నుంచి అల్లం దంచివేసి కాచే చాయ్‌కి గ్లాసు అంచున మీగడ గీత మిగులుతుంది. రెండింటికీ 15 రూపాయలే తీసుకోవడం నాకు న్యాయంగా కనిపించలేదు, ఒకసారి ఆ మాట అన్నాను కూడా. ‘పాలు మారినయి గని గ్యాసు మారలే గద సారూ’ అన్నాడు యజమాని. ఆ తర్వాత నేను అయిదుంబావు దాకా ఖాళీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాను.

బల్లకు ఒక నియమం ఉంది. మొదటి గంట ఒక్క చాయ్ మీద కూర్చోవచ్చు, రెండో గంట నుంచి మనిషికి ఏదో ఒకటి చెప్పాలి. మూడు గంటల ఆటను ఒకే గ్లాసుతో గడిపేవారున్న ఊళ్లో ఈ పద్ధతి పెట్టినందుకు నేను యజమానిని తప్పు పట్టను. ఇంకో నియమం మాత్రం నవ్వు తెప్పిస్తుంది. ఆరున్నర దాకా హోటల్లో భక్తిగీతాలే వినిపించాలి, అందువల్ల టీవీ గొంతు నొక్కేసి ఉంటుంది. తెరమీద బంతి గంటకు నూట యాభై కిలోమీటర్లు దాటిన వేగంతో వెళుతూ ఉంటే వెనక వేంకటేశ్వరుడి సుప్రభాతం సాగుతూ ఉంటుంది. వ్యాఖ్యానం వినబడకపోవడమే ఈ బల్లకు మేలు చేసిందని నా అభిప్రాయం, ఎందుకంటే చెప్పేవాడు లేనప్పుడు చూసేవారే చెప్పుకోవాలి. ఆట ప్రసారానికి చందా డిట్రాయిట్ పెద్దాయన కొడుకు కడతాడు; పెద్దాయన ఫోన్ నుంచి అది టీవీకి ఎక్కుతుంది. ఆయన రాకపోతే ఆ రోజు ఆట లేదు.

ఇక్కడ నడిచే వాదం ఏడాది పొడవునా ఒకటే. చేతిలో ఉన్న గొప్ప స్టార్టింగ్ పిచర్‌ని, అంటే ఆట మొదటి నుంచి బంతి వేసేవాడిని, మరో జట్టుకు ఇచ్చేసి, బదులుగా ఇంకా పెద్ద ఆటకు రాని ముగ్గురు నలుగురు కుర్రాళ్లను తెచ్చుకోవడం తెలివా, తెలివితక్కువా అన్నదే ఆ వాదం. క్రికెట్ అలవాటు పడిన నాకు మొదట్లో ఈ బేరమే అర్థం కాలేదు. వేలంలో డబ్బు పెట్టి కొనడం తెలుసు గానీ, మనిషికి మనిషిని మారకం వేయడం కొత్త. పైగా స్టార్టింగ్ పిచర్ అయిదు రోజులకొకసారి వేస్తాడు, ఏడాదికి 162 ఆటలుంటే బాగా వేసినా ముప్పై చిల్లర ఆటలే అతనివి. అంతమాత్రానికి నలుగురు కుర్రాళ్లను ఎందుకివ్వాలని అడిగాను. పీఈటీ సారు బల్ల మీద నీళ్ల గ్లాసులు అయిదు వరసగా పెట్టి, విజేతను తేల్చే అక్టోబరు పోటీలొచ్చేసరికి వాటిలో రెండు తీసి పక్కన పెట్టారు. సీజన్ అంతా అయిదుగురు పంచుకున్న పని అక్టోబరులో ముగ్గురి మీద పడుతుందని, అయిదు ఆటల పోటీలో మొదటి గ్లాసు రెండుసార్లు రావచ్చని, జట్లు ధర కట్టేది ఆ రెండుసార్లకేనని వివరించారు. ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు. గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన కుర్రవాడు మాత్రం విసుక్కున్నాడు.

కుర్రాళ్లకు, అంటే ప్రాస్పెక్టులకు, ధర ఎలా కడతారన్నది తోట కాకా ప్రశ్న. ‘ఆ పిలగాండ్లు ఇంక పెద్దాటకే రాలేదంటిరి. మరి రేటెట్ల జెప్తరు సారూ?’ అని ఆయన అడిగిన రోజు నాకు బాగా గుర్తు. వేటగాళ్లలా తిరిగే స్కౌట్‌లు ఒక్కొక్క నైపుణ్యానికి 20 నుంచి 80 దాకా మార్కులు వేస్తారనీ, 50 వస్తే మేజర్ లీగ్‌లో, అంటే ఆ పెద్ద ఆటలో, సగటు ఆటగాడి స్థాయి అనీ పీఈటీ సారు చెప్పారు. కాకా పగలబడి నవ్వారు. ‘మా తోటకొచ్చే బేరగాడు గూడ గంతే. చెట్టెక్కడు, కాయ కొయ్యడు. నాలుగు సాళ్లు తిరిగి, కొమ్మ లేపి చూసి రేటు జెప్తడు.’ ఆ రోజు నుంచి ఈ బల్ల దగ్గర ప్రాస్పెక్టు అన్న మాట పోయి ‘పిందె’ వచ్చింది, గాయపడటం ‘రాలుడు’ అయింది, అనుకున్నదానికంటే తక్కువ ఆడితే ‘తరుగు’ పోయిందంటారు. కొత్తగా వచ్చినవారు మొదటి పది నిమిషాలు బత్తాయి మార్కెట్ సంగతులనే అనుకుంటారు.

ఇవి వినసొంపు మాటలు మాత్రమే కాదు, వాదాన్ని సరిగ్గా తూచే రాళ్లు కూడా. పిందె దశలో తోటను గుత్తకు ఇచ్చేసిన రైతుకు ఆ తర్వాత వచ్చే గాలివానతో సంబంధం లేదు. రాలితే కొన్నవాడి నష్టం, నిలిస్తే కొన్నవాడి లాభం. పిచర్ని ఇచ్చి కుర్రాళ్లను తెచ్చుకునే జట్టు తనను తాను అమ్మినవాడిగా లెక్కవేసుకుంటుంది గానీ, కాకా లెక్కలో అది పిందెల తోటను గుత్తకు పట్టిన వ్యాపారి. ‘పిందెలిచ్చినోడు నిద్రపోతడు. తీస్కున్నోడు మబ్బు పట్టినప్పుడల్లా లేసి కూసుంటడు’ అన్నారాయన. తర్వాత అయిదు నెలల్లో జరిగిన ప్రతి వాదమూ ఏదో ఒక దశలో ఈ వాక్యం దగ్గరికి వచ్చి ఆగింది.

డిట్రాయిట్ పెద్దాయనకు ఇందులో పాత గాయాలు రెండున్నాయి, రెండూ ఎదురెదురు దిక్కులవి. 1987 ఆగస్టులో డిట్రాయిట్ జట్టు పిందెనిచ్చి కాయను కొన్నది. ఇచ్చింది మిషిగన్‌లోనే పుట్టిన జాన్ స్మోల్ట్జ్ అనే కుర్రవాడిని, తెచ్చుకున్నది డోయల్ అలెగ్జాండర్ అనే 36 ఏళ్ల పిచర్ని. అలెగ్జాండర్ ఆ సీజన్లో మిగిలిన 11 ఆటలు వేసి తొమ్మిది గెలిచాడు, ఒక్కటీ ఓడలేదు, 1.53 ఈఆర్‌ఏతో (ఆటకు సగటున ఇచ్చిన పరుగుల లెక్క) జట్టును డివిజన్, అంటే లీగ్‌లో తమ విభాగం, గెలిపించాడు. ఆ తర్వాతి పోటీలో మిన్నెసోటా చేతిలో రెండు ఆటలు ఓడాడు. అట్లాంటాకు వెళ్లిన స్మోల్ట్జ్ 213 ఆటలు గెలిచి, 154 సేవ్‌లు (చివర్లో వచ్చి జట్టు ఆధిక్యం కాపాడటం) చేసి, 2015లో దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యాడు. ఈ కథను పెద్దాయన తన సొంత భూమి తక్కువకు పోయినట్టే చెబుతారు. రెండోది 2017 ఆగస్టు 31 నాటిది. ఈసారి డిట్రాయిట్ కాయనిచ్చి పిందెలు తీసుకుంది. జస్టిన్ వెర్లాండర్ గడువు ముగిసే చివరి క్షణాల్లో ఒప్పుకుని హ్యూస్టన్‌కు వెళ్లాడు, సెప్టెంబరులో అయిదుకు అయిదు గెలిచాడు, ఆ ఏడాదే ప్రపంచ సిరీస్ గెలిచిన జట్టులో ఉన్నాడు, ఆ తర్వాత 2019లో, 2022లో మేటి పిచర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డు కూడా అందుకున్నాడు. వచ్చిన ముగ్గురిలో అందరూ ఆశపెట్టుకున్న పిచర్ ఫ్రాంక్లిన్ పెరెజ్ గాయాలతో మేజర్ లీగ్ మెట్టు ఎక్కనే లేదు. పెద్దగా ఎవరూ పట్టించుకోని క్యాచర్ (మన వికెట్ కీపర్ లాంటివాడు) జేక్ రోజర్స్ మాత్రం నిలిచాడు.

ఈ రెండింటినీ వింటే ఇస్తే ఒక నష్టం, తెస్తే ఇంకో నష్టం అనిపిస్తుంది. బల్ల దగ్గర అలా సరిపెట్టుకోరు. మూడు పిందెల్లో ఏది నిలుస్తుందో ముందే ఎందుకు తెలియలేదని వారం రోజులు తవ్వుతారు. ఈ హోటల్‌కు నేను వేసే మార్కుల్లో ఎక్కువ భాగం ఈ ఓపికకే.

జూలై చివరి రోజున ట్రేడ్ గడువు, అంటే ఆటగాళ్ల మారకానికి ఆఖరు వేళ, అమెరికా తూర్పు కాలం ప్రకారం సాయంత్రం ఆరు గంటలు, మనకు ఆగస్టు 1 తెల్లవారుజామున మూడున్నర. యజమాని ఆ ఒక్కరోజు మూడింటికే షట్టర్ ఎత్తాడు. దీనికి అదనంగా ఏమీ తీసుకోలేదు, పాలు మాత్రం యథాప్రకారం ప్యాకెట్వే. జూలై మొదట్లో డివిజన్‌లో అందనంత దూరం ముందున్న డిట్రాయిట్ ఇంకో మొదటి గ్లాసును కొంటుందని పెద్దాయన ఆశ. జట్టు తన మేలైన పిందెలు, అంటే కెవిన్ మెక్‌గొనిగల్, మాక్స్ క్లార్క్ వంటివారిని, చేయి జారనివ్వలేదు. క్రిస్ పాడక్, 41 ఏళ్ల చార్లీ మోర్టన్, ఆట మధ్యలో వచ్చి వేసే రిలీఫ్ పిచర్ కైల్ ఫినెగన్ వంటివారిని తెచ్చుకుంది. ‘ముదురు కాయ తెచ్చిండ్రు’ అన్నారు కాకా. మోర్టన్‌ని సెప్టెంబరులో జట్టు వదిలేసినప్పుడు ఎవరూ ఆ మాట గుర్తు చేయలేదు. పెద్దాయన ముఖం చూసి ఊరుకున్నారు. కూర్చున్నవారి మర్యాద కూడా హోటల్ మంచిచెడ్డల్లో లెక్కకు వస్తుందనుకుంటాను.

అక్టోబరు 11 శనివారం ఉదయం గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఆ రోజు హోటల్ బలమూ బలహీనతా రెండూ బయటపడ్డాయి. సియాటిల్‌లో డిట్రాయిట్‌తో అయిదో ఆట, గెలిచినవారు ముందుకు, ఓడినవారు ఇంటికి. డిట్రాయిట్ తరఫున వేస్తున్నది తారిక్ స్కూబల్. ఎనిమిది మందికి వేసిన బల్ల చుట్టూ ఇరవై మందికి పైగా చేరారు, ప్లాస్టిక్ స్టూళ్లు చాలక ఉల్లిగడ్డ బస్తా మీద కూడా ఒకాయన కూర్చున్నారు. అయిదూ నలభైకి ఆట మొదలైంది. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, సమమైతే తేలేదాకా ఇంకా సాగుతాయి. స్కూబల్ ఆరు ఇన్నింగ్స్‌లో 13 మందిని స్ట్రైక్‌ఔట్ చేసి, అంటే బంతి కొట్టనివ్వకుండానే ఔట్ చేసి, ఒక్క పరుగే ఇచ్చాడు. సుప్రభాతం అయిపోయి లలితా సహస్రనామం మొదలయ్యే వేళకు బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి. డిట్రాయిట్ 2-1తో ముందుండగా, 99 బంతుల తర్వాత, అతన్ని దింపేశారు. పెద్దాయన రెండు అరచేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, ‘గింకొక్కటి వేయనియ్యరా?’ అన్నారు నెమ్మదిగా. వంద బంతుల దగ్గరికి వచ్చాక భుజంలో శక్తి తగ్గుతుందనీ, అదే బ్యాటర్‌కు మూడోసారి నాలుగోసారి వేస్తే కనిపెట్టేస్తాడనీ పీఈటీ సారు చెప్పబోయారు గానీ వినేవారు లేరు. ఏడో ఇన్నింగ్స్‌లో సియాటిల్ సమం చేసింది, ఆ తర్వాత ఏడు ఇన్నింగ్స్ ఎవరికీ పరుగు రాలేదు.

తొమ్మిదింటికి ఇడ్లీ అయిపోయింది. అది ఊహించలేకపోవడం హోటల్ లోపమే. కానీ ఎవరూ అడగకముందే యజమాని పెద్ద మూకుడులో ఉప్మా కలిపి, బల్ల మీద విస్తరాకులు పరిచి వడ్డించాడు, ఆకుకు 25 రూపాయలే వేశాడు. పదమూడో ఇన్నింగ్స్‌లో నెట్ పోయింది. తెరమీద గుండ్రంగా తిరిగే చక్రాన్ని ఇరవై మంది నాలుగు నిమిషాలు చూశాం, పీఈటీ సారు తన ఫోన్ హాట్‌స్పాట్ ఇచ్చేదాకా. సుమారు పదిన్నరకు, పదిహేనో ఇన్నింగ్స్‌లో, హోర్హే పొలాంకో కొట్టిన దెబ్బకు సియాటిల్ 3-2తో గెలిచింది. టీచరమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగారు. తన చాయ్ పెద్దాయన వైపు జరిపి, ‘అన్నా, ఆ స్కూబల్ పిలగాడు గూడ మా సియాటిల్ యూనివర్సిటీల సదివినోడే గద’ అన్నారు. అది నిజం. 2018 డ్రాఫ్టులో (జట్లు కొత్త కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే తంతు) 254 మందిని ఎంచుకున్న తర్వాత, తొమ్మిదో రౌండ్లో, డిట్రాయిట్ తీసుకున్న పిందె అతను. అప్పటికే ఒకసారి మోచేతి శస్త్రచికిత్స అయినవాడు. 2024లోనూ 2025లోనూ అమెరికన్ లీగ్ సై యంగ్ అతనిదే.

నవంబరు నుంచి ప్రత్యక్ష ఆటలు లేవు. అయినా బల్ల ఖాళీ కాలేదు, పైగా వాదం చిక్కబడింది. 2026 సీజన్‌తో స్కూబల్ ఒప్పంద కాలం ముగుస్తుంది, ఆ తర్వాత అతను ఫ్రీ ఏజెంట్, ఏ జట్టుకైనా వెళ్లవచ్చు. ఇప్పుడే ఇచ్చేసి నాలుగు పిందెలు తెచ్చుకోవాలా, లేక ఈ ఒక్క ఏడాదీ అతనితో ఆడి ఆ తర్వాత చేతులు దులుపుకోవాలా అన్నది ప్రశ్న. బోస్టన్ సారు అమ్మమంటారు, అందులోనూ బోస్టన్‌కే అమ్మమంటారు. ఆయన చూపే ఉదాహరణ గట్టిది. 2024 డిసెంబరులో బోస్టన్ కైల్ టీల్, బ్రేడన్ మాంట్‌గొమరీ, చేజ్ మైడ్రాత్, వికెల్‌మన్ గొంజాలెజ్ అనే నలుగురినిచ్చి షికాగో నుంచి గారెట్ క్రోషెను తెచ్చింది. అతను 2025లో 18 ఆటలు గెలిచి 255 స్ట్రైక్‌ఔట్లు చేశాడు, షికాగోకు వెళ్లినవారిలో టీల్, మైడ్రాత్ అదే ఏడాది మేజర్ లీగ్‌లో ఆడారు. ఇద్దరికీ మేలైన బేరం ఉంటుందనడానికి ఇదే సాక్ష్యం అంటారాయన.

టీచరమ్మ ఈ సాక్ష్యాన్ని ఒక్క ప్రశ్నతో సగానికి కోశారు. క్రోషె వచ్చినప్పుడు అతని మీద బోస్టన్‌కు రెండేళ్ల హక్కు ఉంది, ఆ పైన ఆరేళ్లకు 17 కోట్ల డాలర్ల ఒప్పందం రాయించుకున్నారు. స్కూబల్ మీద మిగిలింది ఒక్క ఏడాది. ఒక్క కాపుకు చెట్టు ధర ఎవరిస్తారు? ఆమె తెచ్చిన పోలిక కోర్బిన్ బర్న్స్. 2024 ఫిబ్రవరిలో బాల్టిమోర్ జోయీ ఓర్టిజ్, డీఎల్ హాల్ అనే ఇద్దరినీ ఒక డ్రాఫ్టు ఎంపికనూ ఇచ్చి అతన్ని ఒక్క ఏడాదికి తెచ్చుకుంది. అతను తన పని తాను చేశాడు. అక్టోబరు ఆటలో ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒక్క పరుగే ఇచ్చాడు, జట్టు 1-0తో ఓడింది. తర్వాత 21 కోట్ల డాలర్లకు అరిజోనా వెళ్లిపోయాడు, 2025లో మోచేతికి కత్తి పడింది. ‘గిండ్ల ఎవరిది రాలుడు, ఎవరిది తరుగు?’ అని కాకా అడిగితే చాలాసేపు ఎవరూ జవాబు చెప్పలేదు. బోస్టన్ సారు గొంతు సవరించుకునేలోగా పెద్దాయన క్రిస్ సేల్ పేరెత్తారు. బోస్టన్ 2023 చివర్లో వాన్ గ్రిసమ్ కోసం అతన్ని అట్లాంటాకు ఇచ్చేస్తే, మరుసటి ఏడే అతను 18 గెలిచి సై యంగ్ తీసుకున్నాడు. సారు ఆ రోజు పూరీ తినకుండానే వెళ్లిపోయారు, మరునాడు ఎప్పటిలాగే వచ్చారు.

నా మాట అడిగితే, టీచరమ్మ తూకమే సరైనదని అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. ఒక్క ఏడాదే మిగిలిన పిచర్‌కి పూత దశ కుర్రాళ్లు అరడజను వచ్చినా ఇవ్వకూడదు. రేపు ఏప్రిల్‌లోనే మేజర్ లీగ్ మైదానంలో నిలబెట్టగలవాళ్లు ఇద్దరు వస్తేనే బేరానికి కూర్చోవాలి, లేకపోతే అక్టోబరులో రెండుసార్లు వచ్చే ఆ మొదటి గ్లాసును దగ్గరే ఉంచుకోవాలి. పెద్దాయన దీనికీ ఒప్పుకోరు. జట్టు 1984 తర్వాత ప్రపంచ సిరీస్ గెలవలేదని, పిందెలు కాయలయ్యేదాకా చూసే వయసు తనకు లేదని ఆయన వాదన. ఆ వాదనకు లెక్కల్లో జవాబు లేదు, నేనూ వెతకలేదు.

ఇక లోపాలు. చేతులు కడుక్కునే కుళాయి ఒక్కటే, అది కూడా వంటగది దారిలో ఉంది. తొమ్మిది దాటితే సబ్బు ఉండదు. ఫోన్‌తో డబ్బు కట్టే కోడ్ అట్ట మీద నూనె చేతుల ముద్రలు పడి సగం రోజులు పనిచేయదు, చిల్లర తీసుకెళ్లడం మంచిది. చట్నీ రుబ్బే యంత్రాన్ని సరిగ్గా ఆట చివరి ఇన్నింగ్స్‌లో వేయడం ఆ వంటమనిషికి అలవాటో కక్షో తెలియలేదు. మంచినీళ్ల విషయంలో మాత్రం నిశ్చింతగా ఉండవచ్చు: క్యాన్‌లు రోజూ మారుస్తారు, ఫ్లోరైడ్ చూసిన ఊరి మనుషులు కాబట్టి నీటి దగ్గర రాజీ పడరు. ఆడవారు కూర్చునేందుకు వేరే చోటు లేదు గానీ, టీచరమ్మ కిటికీ మూలను ఎప్పుడో స్వాధీనం చేసుకున్నారు, ఆమెతోపాటు ఈ మధ్య మరో ఇద్దరు వస్తున్నారు. బేస్‌బాల్ పట్టనివారు ఏడు తర్వాత వస్తే చాలు, అప్పటికి ఇడ్లీ రెండో వాయి దిగుతుంది, బల్ల సగం ఖాళీ అవుతుంది.

డిసెంబరులో ఒక చలి ఉదయం యజమాని ఉద్దెర ఖాతా పుస్తకంలో కొత్త పేజీ తీసి గీత గీశాడు. స్కూబల్‌ని అమ్మితే పది ప్లేట్ల పూరీ పెద్దాయన లెక్కలో, అమ్మకపోతే బోస్టన్ సారు లెక్కలో. కాకా ఏ వైపూ చేరలేదు, తెగినదాకా తన చాయ్ ఆ పేజీలోనే రాయమన్నారు. నేను చివరిసారి చూసేసరికి ఆయన పేరు కింద పదకొండు చాయ్‌లున్నాయి.